తిరుపతిలో ఉండి ఈ-లెర్నింగ్ పని చేసేవాళ్ళు, డౌటొస్తే ఎవరిని అడగాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: తిరుపతిలో ఒక చిన్న కంపెనీలో ఈ-లెర్నింగ్ కోర్సులు తయారు చేసే పనిలో చేరారు, ఆఫీసులో ఈ పని తెలిసిన సీనియర్ లేరు, ఆన్‌లైన్‌లో ఏ గుంపులో చేరితే ఉపయోగం, తెలుగులో కోర్సు చేసేవాళ్ళకు సాయం ఎక్కడ దొరుకుతుంది?

కొన్నేళ్ళ కిందట నా పరిస్థితీ ఇదే. నేను చిత్తూరులో డీటీపీ షాపులో అను ఫాంట్లతో పెళ్ళి పత్రికలు, కరపత్రాలు కొట్టుకుంటూ ఉండి, అక్కడినుంచి తిరుపతి బైరాగిపట్టెడలో ఒక చిన్న ఆఫీసుకు మారాను. ఐదుగురం, ఒక ఇన్వర్టర్, అదీ ఆఫీసు. స్కార్మ్ అంటే ఏమిటో మా ఐదుగురిలో ఒక్కరికీ తెలియదు. (కోర్సూ, దాన్ని నడిపే సాఫ్ట్‌వేరూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి పెట్టుకున్న ప్రమాణం అది.) ఏ సైటులో చేరాలో చెప్పేముందు ఒక సంగతి చెబుతాను. అది తెలియక నాకు రెండు వారాలు పోయాయి.

చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ వాళ్ళ సూపర్‌వైజర్ల కోసం శుభ్రత మీద ఒక కోర్సు చేశాం. తోతాపురి కాయ ఫ్యాక్టరీ గేటుకు వచ్చేలోపు, అంటే జూన్‌కల్లా అయిపోవాలి. డెబ్భైకి పైగా స్లైడ్లు. మా కంప్యూటర్లలో చక్కగా నడిచింది. కోర్సులు పెట్టి, ఎవరెంతవరకు చదివారో నమోదు చేసే సాఫ్ట్‌వేర్‌ను ఎల్‌ఎంఎస్ అంటారు. వాళ్ళ ఎల్‌ఎంఎస్‌లో పెట్టగానే తంటా మొదలైంది. సూపర్‌వైజర్ యాభయ్యో స్లైడు దాకా వచ్చి, భోజనానికి వెళ్ళి, తిరిగొచ్చి తెరిస్తే మళ్ళీ మొదటికే. అందులో మొదటి పాఠం చేతులు కడుక్కోవడం ఎలా అని. ఒకాయన ఫోన్ చేసి, ‘సార్, పొద్దుటినుంచి మూడుసార్లు చేతులు కడిగించారు, ఇంక చాలు’ అన్నాడు. నవ్వొచ్చింది గానీ నవ్వే పరిస్థితి కాదు.

టెన్షన్‌లో మేము కోర్సు తయారుచేసిన టూల్ వాడేవాళ్ళ ఫోరమ్‌లో రాత్రి పన్నెండింటికి ఒక పోస్టు పెట్టాను. సారాంశం: కోర్సు పని చేయడం లేదు, అర్జెంటు, దయచేసి సాయం చేయండి. నాలుగు రోజులైనా ఒక్కరూ పలకలేదు. ఇక్కడ సాయం చేసేవాళ్ళే లేరని తిట్టుకున్నాను. ఇప్పుడు అలాంటి పోస్టు ఎవరైనా పెడితే నేనూ పలకను. ఏ టూలో, ఏ వెర్షనో, ఏ ఎల్‌ఎంఎసో, ఎక్కడ ఆగిందో ఏదీ లేని పోస్టుకు ఎవరైనా ఏమని జవాబు చెబుతారు?

రెండోసారి బుద్ధిగా కూర్చున్నాను. ముందు ఆ కోర్సు ఫైలును, కోర్సులు పరీక్షించుకునే సైటు స్కార్మ్ క్లౌడ్‌లో ఎక్కించి చూశాను. రుస్టిసీ సాఫ్ట్‌వేర్ వాళ్ళది, చిన్న ఉచిత ఖాతా ఇస్తారు. అక్కడ సజావుగా నడిచింది. తర్వాత ఫైలు కాపీ తీసి, సగం స్లైడ్లు కోసేసి, క్లయింటు ఎల్‌ఎంఎస్‌లోనే పెట్టాను. ఆగిన చోటునుంచే తెరుచుకుంది! ఆ సగం తీసేసి మిగతా సగం పెట్టాను, అదీ సరిగ్గానే ఉంది. అంటే ఏ స్లైడులోనూ తప్పు లేదు, అన్నీ కలిస్తేనే తప్పు. ఈ మూడు విషయాలూ వరుసగా రాసి పోస్టు పెడితే, తెల్లారేసరికి ఒక్క వాక్యం జవాబు వచ్చింది: సస్పెండ్ డేటా పొడవెంతో చూశారా?

ఆ మాట అదివరకు వినలేదు. చదివితే తెలిసింది. నేర్చుకునేవాడు ఎక్కడ ఆగాడు, ఏ స్లైడులో ఏం నొక్కాడు అనేదంతా కోర్సు ఒక పొడవాటి అక్షరాల వరుసగా ఎల్‌ఎంఎస్‌కు పంపుతుంది. 2001లో వచ్చిన స్కార్మ్ 1.2 ప్రకారం ఆ వరుస 4096 అక్షరాలు దాటకూడదు. కొన్ని ఎల్‌ఎంఎస్‌లు చూసీచూడనట్టు వదిలేస్తాయి, కొన్ని కచ్చితంగా అక్కడే కత్తిరిస్తాయి. బ్రౌజర్‌లో ఎఫ్12 నొక్కి, దాచి ఉన్న ఆ వరుసను బయటికి తీసి పొడవు చూశాను. సరిగ్గా 4096. తోక తెగిన వరుస కోర్సుకు అర్థం కాక మళ్ళీ మొదటినుంచి మొదలుపెడుతోందన్నమాట. స్కార్మ్ 2004 మూడో ఎడిషన్‌లో ఈ హద్దు 64,000కు పెరిగింది గానీ, ఆ ఫ్యాక్టరీ ఎల్‌ఎంఎస్ 1.2 మాత్రమే తీసుకునేది. అందుకని కోర్సును రెండు ముక్కలు చేశాం. వెనక్కి వెళ్ళి చూసినా కొత్తగా మొదలైతే ఇబ్బంది లేని స్లైడ్లకు, ఆగిన స్థితి గుర్తుపెట్టుకునే సెట్టింగ్ తీసేశాం. తప్పు ఎల్‌ఎంఎస్‌ది అనను. కోర్సు పూర్తిచేసి చివర్లో టెస్ట్ చేసిన మాదే తప్పు.

ఇంత పొడుగ్గా ఎందుకు చెప్పానంటే, ఎన్ని గుంపుల్లో చేరారన్నదానికన్నా, ఫైలు కోసి చిన్నది చేసుకుని వెళ్ళారా లేదా అన్నదే ముఖ్యం. అలా కోస్తూ పోతే సగంసార్లు అడిగే అవసరమే రాదు. ఒక జాగ్రత్త: ఫైలు పెట్టేముందు క్లయింటు లోగో, పేర్లు, ఫొటోలు అన్నీ తీసేయండి. నేనొకసారి నోట్స్ పేజీలో రేట్ల పట్టిక ఉన్న ఫైలు అలాగే ఎక్కించేశాను. మా సార్ చూసి రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఇక చేరాల్సిన చోట్లు. కోర్సులు తయారుచేసే స్టోరీలైన్, రైజ్ టూల్స్ వాడుతుంటే ఆర్టిక్యులేట్ వాళ్ళ ఈ-లెర్నింగ్ హీరోస్‌లో చేరండి. నేను చూసినంతలో కొత్తవాళ్ళను విసుక్కోని చోటు అదే. అక్కడ ఈ-లెర్నింగ్ ఛాలెంజ్ అని ఒక విషయం ఇస్తారు, అందరూ చిన్న చిన్న నమూనాలు చేసి పెడతారు, చాలామంది అసలు ఫైలు కూడా ఇస్తారు. ఆ ఫైలు తెరిచి, ట్రిగ్గర్లు (ఏది నొక్కితే ఏం జరగాలో చెప్పే ఆదేశాలు) ఏ వరుసలో ఉన్నాయో, వేరియబుల్స్‌కు ఏం పేర్లు పెట్టారో చూసి నేర్చుకున్నదే నాకు ఎక్కువ. డబ్బు కట్టి చూసిన వీడియోల కంటే అది మేలు. క్యాప్టివేట్ వాడేవాళ్ళకు అడోబ్ కమ్యూనిటీ ఉంది, నేను అక్కడికి పెద్దగా వెళ్ళలేదు.

లైసెన్సు కొనే స్తోమత లేకపోతే హెచ్5పీ అనే టూల్‌తో మొదలుపెట్టండి, ఉచితం. లూమి అనే డెస్క్‌టాప్ యాప్ వేసుకుంటే సర్వర్ కూడా అక్కర్లేదు. వీడియో మధ్యలో ప్రశ్నలు పెట్టడం, లాగి వదిలే బొమ్మలు, తీసుకున్న నిర్ణయాన్ని బట్టి దారి మారే కథలు అన్నీ అందులో చేయొచ్చు. కోడింగ్ ఇష్టమైతే కోర్సులు తయారుచేయడానికి గిట్‌హబ్‌లో అడాప్ట్ ఫ్రేమ్‌వర్క్ చూడండి. మన కాలేజీల్లో మీకు ఎక్కువగా ఎదురయ్యే ఎల్‌ఎంఎస్ మూడుల్. ఆస్ట్రేలియాలో మార్టిన్ డౌగియామాస్ మొదలుపెట్టాడు, మొదటి వెర్షన్ 2002లో వచ్చింది. మూడుల్ సైటులో ఫోరమ్‌లకు చాలా ఏళ్ళ చరిత్ర ఉంది. మీకొచ్చిన సమస్య ఎప్పుడో ఎవరికో వచ్చే ఉంటుంది, కాబట్టి ముందు వెతికి, తర్వాత అడగండి. మూడుల్ అకాడమీలో ఉచిత కోర్సులున్నాయి.

రెడిట్‌లో ఇన్‌స్ట్రక్షనల్ డిజైన్ (కోర్సుల రూపకల్పన) గ్రూపు చదవడానికి బాగుంటుంది. పోర్ట్‌ఫోలియో ఎలా పెట్టాలి, ఇంటర్వ్యూలో ఏం అడుగుతారు లాంటివి దొరుకుతాయి. కానీ అక్కడి జీతాల లెక్కలు అమెరికావి, అక్కడి ఏడుపులూ అమెరికావే. రాత్రిపూట అవి చదువుతూ కూర్చుంటే ఉన్న ఉద్యోగం మీద విరక్తి పుడుతుంది. వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపులు మాత్రం నాకు అచ్చిరాలేదు. పొద్దున శుభోదయాలు, సాయంత్రం క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్ లింకులు. ఆ లింకులు మాత్రం నొక్కకండి.

డిజైన్ గురించి చదవాలంటే కోర్సుల డిజైనర్ క్యాథీ మూర్ చెప్పిన యాక్షన్ మ్యాపింగ్‌తో మొదలుపెట్టండి. కోర్సులో ఏం సమాచారం పెట్టాలి అని కాకుండా, కోర్సు అయ్యాక ఆ మనిషి పనిలో ఏం వేరుగా చేయాలి అని ముందు అడగమంటుంది ఆవిడ. ఫ్యాక్టరీ కోర్సులో మేము బ్యాక్టీరియా చరిత్రకు పన్నెండు స్లైడ్లు పెట్టాం. వాళ్ళకు కావలసింది లైన్ ఎప్పుడు ఆపాలి అన్న నిర్ణయం ఒక్కటే. ఇది ముందే చదివి ఉంటే ఆ 4096 గొడవ కూడా వచ్చేది కాదేమో!

తెలుగులో నేర్చుకోవడానికి ఐఐటీ బాంబే వాళ్ళ స్పోకెన్ ట్యుటోరియల్ ఉంది. ఇంక్‌స్కేప్, జింప్, బ్లెండర్, మూడుల్ లాంటివాటిమీద పదేసి నిమిషాల వీడియోలు. కొన్నింటికి తెలుగు ఆడియో ఉంది. వీడియో ఒక పక్క, సాఫ్ట్‌వేర్ ఒక పక్క తెరిచి, చూస్తూ చేయాలి. ఊరికే చూస్తే నిద్రొస్తుంది. కాలేజీ లెక్చరర్ల కోసం పని చేస్తుంటే 2017లో మొదలైన కేంద్ర ప్రభుత్వ స్వయం పోర్టల్ కోర్సులు ఒకటి రెండు తెరిచి చూడండి. వీడియో, చదివే పాఠం, చర్చ, స్వీయ పరీక్ష అని నాలుగు భాగాలుగా ఉంటాయి. ఎస్వీ యూనివర్సిటీ నుంచో, పద్మావతి మహిళా యూనివర్సిటీ నుంచో ఒక మేడమ్ మీ దగ్గరికొచ్చి ‘మాకు ఫోర్ క్వాడ్రంట్స్‌లో కావాలి’ అంటే బిత్తరపోకుండా ఉంటారు.

ఇక మీరడిగిన చివరి ముక్క, తెలుగులో కోర్సులు. ఇక్కడ మీకు రెడీమేడ్ జవాబులు తక్కువ. నిజం చెప్పాలంటే మనమే పోగుచేసుకోవాలి. సబ్జెక్టు నిపుణులు ఇచ్చే మ్యాటర్ ఇప్పటికీ అను ఫాంట్లలో వస్తుంది. అవి యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షరాల కోడ్) కావు. టూల్‌లో పేస్ట్ చేస్తే తెలుగు పోయి పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. కన్వర్టర్లు ఉన్నాయి గానీ ఒత్తుల దగ్గర జారతాయి, మార్చాక ప్రతి లైనూ చదవాల్సిందే. ఫాంట్లకైతే గూగుల్ ఫాంట్స్‌లో నోటో సాన్స్ తెలుగు, మండలి, రామభద్ర ఉన్నాయి. ఓపెన్ లైసెన్సు కాబట్టి కోర్సులో కలిపి ఇవ్వొచ్చు. ఇంగ్లీషు టెంప్లేట్‌లోని టెక్స్ట్ బాక్సులో తెలుగు పోస్తే ‘రాష్ట్రం’ కింద ఒత్తులు తెగిపోతాయి. లైన్ల మధ్య ఖాళీ పెంచి, బాక్సు ఎత్తు కూడా పెంచుకోండి.

ఖాళీలు పూరించే ప్రశ్న ఒకటి మాకు చుక్కలు చూపించింది. కాయలు కడిగే నీళ్ళలో ఏం కలుపుతారు అని అడిగితే, ‘క్లోరిన్’ అని టైప్ చేసినా తప్పు అని వచ్చేది. తెర మీద జవాబూ అదే, వాళ్ళు కొట్టిందీ అదే, ఒక్క గీత తేడా లేదు. ఒక పూటంతా తల బద్దలు కొట్టుకుని, ఫోరమ్‌లో రెండు పదాలూ పక్కపక్కన పేస్ట్ చేసి అడిగాను. బెంగళూరు కన్నడ డెవలపర్ ఒకాయన, ‘మాకూ ఇదే రోగం, చివర్లో కనిపించని అక్షరం ఉందేమో చూడండి’ అన్నాడు. అక్షరాల కోడ్ చూపించే సైటులో వేస్తే, మా జవాబులో ‘న్’ తర్వాత యూ+200సి కూర్చుని ఉంది. పొల్లు తర్వాతి అక్షరంతో కలిసిపోకుండా ఆపే గుర్తు అది. ‘క్లోరిన్‌తో’ అని రాసిన వాక్యంనుంచి మా ఆఫీసు అమ్మాయి పదాన్ని కాపీ చేసినప్పుడు దాంతోపాటు వచ్చేసింది. కంప్యూటర్‌కు అవి రెండు వేరు పదాలు. అప్పటినుంచి జవాబులను కాపీ చేయకుండా చేత్తో టైప్ చేస్తున్నాం. హెచ్5పీలో అయితే మధ్యలో ఏటవాలు గీత (/) పెట్టి రెండు రూపాలూ సరైనవేనని ఇచ్చేస్తున్నాం. ఇలాంటి యూనికోడ్ చిక్కులకు తెలుగు వికీపీడియా రచ్చబండ పేజీ కూడా చూడండి, తెలుగు టైపింగ్‌తో రోజూ కుస్తీ పట్టేవాళ్ళు అక్కడ ఉంటారు.

ఒక చిన్న కిటుకు. అమెరికా వాళ్ళు ఎక్కువగా ఉండే చోట్ల మన సాయంత్రం ఏడు తర్వాత పోస్టు పెట్టండి, వాళ్ళకు అప్పుడే తెల్లవారి ఆఫీసు మొదలవుతుంది. పొద్దున్నే పెడితే వాళ్ళు లేచేసరికి మీ పోస్టు అడుగున పడుతుంది. జవాబు పని చేస్తే, ఏది పని చేసిందో మీ ప్రశ్న కిందే రాసి వదలండి. సస్పెండ్ డేటా సంగతి నేను అక్కడ రాసిపెట్టాను. ఏడాది తర్వాత అదే సమస్య మళ్ళీ వచ్చి గూగుల్ చేస్తే, మొదట కనిపించింది నా పోస్టే. ఏం చేశానో పూర్తిగా మర్చిపోయాను, నా జవాబు నేనే చదువుకుని సరిచేసుకున్నాను.

మీరు ఏ టూల్‌లో చేస్తున్నారో, కోర్సు ఏ ఎల్‌ఎంఎస్‌లోకి వెళుతుందో చెబితే ఇంకాస్త వివరంగా రాయగలను. ఆ ఎల్‌ఎంఎస్ స్కార్మ్ 1.2 మాత్రమే తీసుకుంటుందా అన్నది మాత్రం మొదటి స్లైడు చేయకముందే క్లయింటును అడిగేయండి.