రిపోర్టు రాలేదని నొప్పి అబద్ధమవుతుందా?

ప్రశ్న: మాది మర్రిగూడ మండలంలో ఒక పల్లె. నాకు 42 ఏళ్లు. పుట్టిల్లు గద్వాల వైపు, పెళ్లయి ఇక్కడికొచ్చి 22 ఏళ్లు. 14 నెలలుగా కుడి మోకాలు నొప్పి, ఇప్పుడు ఎడమది కూడా మొదలైంది. ఎక్స్‌రేలో పెద్దగా ఏం లేదన్నారు. హైదరాబాద్‌లో ఎంఆర్ఐ, రక్త పరీక్షలు చేయించాం. మూడు వారాల తర్వాత రమ్మన్నారు. ఇంట్లో మిషన్ కుడతాను, సీజన్‌లో పత్తి ఏరడానికి పోతాను. ఇప్పుడు రెండూ చేతకావడం లేదు. "రిపోర్టులో ఏం లేదంటే ఏం లేనట్టే కదా" అంటారు మా ఆయన. "మేం చేయలేదా పనులు" అంటుంది అత్తమ్మ. ఆమె నడుము వంగిపోయి పదేళ్లయింది. ఇంటర్ చదివే బిడ్డ పొద్దున్నే వంట చేసి కాలేజీకి పోతోంది. ఇది ఫ్లోరైడేమోనని నా భయం. "నీ పళ్లు తెల్లగున్నాయి, అది కాదులే" అంటారు పక్కింటివాళ్లు. ఏ సంగతీ తేలేదాకా ఎట్లా ఉండాలి? ఒక్కోసారి ఎందుకీ బతుకు అనిపిస్తోంది.

జవాబు: అమ్మా, మీరు చివర రాసిన మాటతోనే మొదలుపెడతాను. ఆ ఆలోచన వచ్చినప్పుడు ఒంటరిగా ఉండకండి. 14416కు ఫోన్ చేయండి. అది మనసు బాగోలేనివాళ్లకు సాయం చేయడానికి ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు. డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు. నెలల తరబడి నొప్పితో నిద్ర పాడైతే ఎవరి మనసైనా కుంగుతుంది. ఈసారి డాక్టర్‌కు మోకాలి సంగతితో పాటు నిద్ర, దిగులు సంగతి కూడా చెప్పండి. అది కూడా వైద్యంలో భాగమే.

ఇక "ఏం లేదు" అన్న మాట. ఎక్స్‌రేలో కనిపించేది ఎముక. మోకాలి లోపలి మెత్తటి గుజ్జు, ఎముకలను తాళ్లలా పట్టి ఉంచే లిగమెంట్లు అందులో సరిగ్గా కనిపించవు. అందుకే ఎంఆర్ఐ రాశారు. ఎక్స్‌రేలో బాగా అరిగిన మోకాలితో హాయిగా నడిచేవాళ్లున్నారు, ఏమీ కనిపించకపోయినా మెట్టెక్కలేనివాళ్లూ ఉన్నారు. ఈ మాట డాక్టర్ నోటి నుంచి మీవారు వినాలి. కాబట్టి వచ్చేసారి బిడ్డనో తమ్ముడినో కాదు, ఆయన్నే వెంట తీసుకుపోండి. గది బయట కూర్చోబెట్టకండి. "ఈమె ఏ పనులు చేయొచ్చు, ఏవి చేయొద్దు?" అని ఆయనతోనే అడిగించండి.

ఫ్లోరైడ్ భయం ఉత్తదని నేను అనను. మీరున్నది నల్గొండ జిల్లా మర్రిగూడ, నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలు దెబ్బతిన్న ప్రాంతం. నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే ఒక పద్ధతికి నల్గొండ టెక్నిక్ అని మన జిల్లా పేరే పెట్టారంటే ఈ నేల ఎంత బాధ పడిందో తెలుస్తుంది. ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథ మొదలైంది 2016లో. అంతకుముందు ఏళ్లపాటు మీరు తాగింది బోరు నీళ్లే అయితే ఆ విషయం డాక్టర్‌కు చెప్పి తీరాలి. పళ్ల మీద మరకలు పడేది చిన్నతనంలో, పళ్లు తయారయ్యే వయసులో. మీరు ఇక్కడికొచ్చింది ఇరవై ఏళ్లప్పుడు. పళ్లు తెల్లగున్నంత మాత్రాన ఎముకల సంగతి తేలదు. అలాగని ఇది ఫ్లోరైడేనని కూడా నేను చెప్పలేను. ఈ వయసులో మోకాళ్లు నొప్పెట్టడానికి అరుగుదల నుంచి కీళ్లవాతం దాకా చాలా కారణాలుంటాయి. "ముంజేతి ఎక్స్‌రే, మూత్రంలో ఫ్లోరైడ్ పరీక్ష అవసరమా?" అని మాత్రం డాక్టర్‌ను అడగండి. మెడ, నడుము పట్టేస్తున్నాయా అన్నదీ చెప్పండి.

ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. పొద్దున లేచాక కీళ్లు బిగుసుకుపోయి ఎంతసేపటికి వదులవుతున్నాయో రోజూ రాయండి. పది నిమిషాలా, గంటా అన్నది డాక్టర్‌కు చాలా ముఖ్యం. మోకాలు వాచిందా, ఎక్కడైనా ఇరుక్కుపోయినట్టు ఆగుతోందా, ఏ గోలీ ఎన్ని వేసుకున్నారు, అన్నీ అందులో ఉండాలి. మోకాలు ఎర్రగా వేడెక్కి జ్వరం వచ్చినా, కాలు కింద మోపలేకపోయినా, పిక్క వాచినా మూడు వారాలు ఆగకండి. వెంటనే దవాఖానకు పోండి.

ఈలోగా ఊళ్లో ఎవరో ఇస్తున్నారని నొప్పి సూదులు వేయించుకోకండి. నొప్పి గోలీలు కూడా డాక్టర్ రాయకుండా రోజూ మింగితే కడుపులో పుండ్లు పడొచ్చు, కిడ్నీలు దెబ్బతినొచ్చు. కుట్టు మిషన్‌కు మోటారు బిగించుకోండి, తొక్కే బాధ తప్పుతుంది. బట్టలుతకడం, కూరగాయలు కోయడం కింద కూర్చుని కాకుండా ఎత్తు పీట మీదో కుర్చీలోనో చేయండి. దొడ్డికి కుర్చీలాంటి కమోడ్ కొనుక్కోండి. అది దుబారా ఖర్చు కాదు. అలాగని మంచమే పట్టకండి, కదలకపోతే తొడ కండరాలు బలం తగ్గి మోకాలి మీద ఇంకా భారం పడుతుంది. కుర్చీలో కూర్చుని కాలు మెల్లగా ముందుకు చాపి, ఐదు అంకెలు లెక్కపెట్టి దించండి. నొప్పి పెరిగితే ఆపేయండి.

బిడ్డ విషయంలో మీరు తప్పు చేసినట్టు బాధపడుతున్నారు. ఆమె వంట చేయడంలో తప్పు లేదు, ఆమె ఒక్కతే చేయడం తప్పు. పొద్దున పూట అన్నం వండే పని, నీళ్లు మోసే పని మీవారివి. దీన్ని బతిమాలి అడగాల్సిన పని లేదు. "రిపోర్టు వచ్చేదాకా ఈ రెండూ నువ్వు చూసుకో" అని సూటిగా చెప్పండి.

అత్తమ్మ గురించి కొంచెం ఎక్కువ రాయాలనిపిస్తోంది. ఆమె మాట మిమ్మల్ని గుచ్చుతోంది, నిజమే. కానీ నడుము వంగిన పదేళ్లలో ఆమెను ఎవరైనా దవాఖానకు తీసుకుపోయారా? మా అమ్మ పాలమూరు నుంచి వలస పోయి తట్టలు మోసిన మనిషి. రాత్రిళ్లు మోకాళ్లకు గుడ్డ చుట్టుకుని పడుకునేది. ఎక్కడ నొస్తుందని మేం ఒక్కరోజూ అడగలేదు. తర్వాత మా వదిన నొప్పంటే అందరికన్నా ముందు కసిరింది అమ్మే. తనకు దొరకని సానుభూతిని ఇంకొకరికి ఇవ్వడం ఆమెకు రాలేదు. మీ అత్తమ్మ అలాంటిదో కాదో నాకు తెలియదు. ఆమె ఆ బోరు నీళ్లు మీకంటే ఎక్కువ ఏళ్లు తాగింది. ఒక సాయంత్రం పక్కన కూర్చుని "నీ నడుము ఎప్పటి నుంచి నొస్తోంది అత్తమ్మా?" అని అడగండి. మీ నోట్‌బుక్‌లోనే ఆమెకూ ఒక పేజీ రాయండి. కుదిరితే మీతో పాటే ఆమెనూ డాక్టర్‌కు చూపించండి.

మూడు వారాల తర్వాత మీ మోకాలి గురించి, ఆమె నడుము గురించి ఏమన్నారో నాకు మళ్లీ రాయండి. ఎదురుచూస్తుంటాను.