ఇంజినీరు ఉద్యోగం వదిలి ఎమ్మెల్యేగా పోటీ చేయాలంటే

"నీటిపారుదల శాఖలో ఏఈఈగా (అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరుగా) చేస్తున్నాను. రాజీనామా చేసి నల్గొండ జిల్లా నుంచి ఎమ్మెల్యేగా నిలబడాలని ఉంది. ఇంజినీరు అనుభవం పనికొస్తుందా?" అని అడిగారు. గెలిచాక పనికొస్తుంది. గెలవడానికి మాత్రం పెద్దగా అక్కరకు రాదు.

నేను నాగార్జునసాగర్ ఎడమ కాలువ మీద పనిచేసి డీఈఈగా (డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరుగా) రిటైరయ్యాను. సర్వీసులో చూసిన ఎమ్మెల్యేల్లో ఒకాయన మాలాగే సివిల్ ఇంజినీరు, ఉద్యోగం వదిలి వచ్చినవారు. ముందు ఒక మాట. పక్కన పాలమూరు వైపు చూడండి, డాక్టర్లు గెలుస్తారు. నాగర్‌కర్నూల్‌లో నాగం జనార్దన్ రెడ్డి గారు, ఇప్పుడు అచ్చంపేటలో వంశీకృష్ణ గారు. డాక్టరు చెయ్యి పడిన ఇల్లు ఆయన్ను మర్చిపోదు. మనకేమో మూడేళ్లకో బదిలీ, ఊళ్లో మన పేరు తెలిసేది కాంట్రాక్టర్లకే. వాళ్లకు తెలిసిన పేరుతో ఓట్లు రాలవు, ఒక్కోసారి పోతాయి కూడా.

ఇక ఆ ఎమ్మెల్యే గారి సంగతి. ఒక యాసంగిలో వరి ఎండిపోతోందని చివరి ఆయకట్టు (కాలువ చివర పొలాల) రైతులు మేజర్ (పెద్ద పిల్లకాలువ) తూము దగ్గర ధర్నాకు కూర్చున్నారు. మామూలుగా నాయకులు వచ్చి నలుగురి ముందు మమ్మల్ని నాలుగు తిట్టి, పై ఆఫీసుకు ఫోన్ కొట్టి వెళ్లిపోతారు. ఈయన చెప్పులు విడిచి కాలువ గట్టు దిగి నీటిమట్టం చూపే గేజి చూశారు. నీళ్లు డిజైన్ ప్రకారమే ఉన్నాయి. లష్కర్‌ను, అంటే కాలువ చూసుకునే మనిషిని, జీపెక్కించుకుని గట్టు వెంబడి పోతే, మధ్యలో వరుసగా మోటార్లు, పైపులు. తోడేది ఆయనకు ఓట్లేసిన ఊళ్లవాళ్లే!

మోటార్లు తీయించెయ్యమని ఇంజినీరు అనేస్తాడు. ఎమ్మెల్యే అనలేడు. రెండు వైపుల పెద్దమనుషులనూ కూర్చోబెట్టి, రాత్రిళ్లు మోటార్లు బంద్, ఆ నీళ్లు కిందికి అని వంతు కుదిర్చారు. చివరి పొలాలు గట్టెక్కాయి. పై ఊళ్ల కోపం మాత్రం ఎన్నికల దాకా చల్లారలేదు. పై ఊళ్లే పెద్దవి కాబట్టి ఆ కాలువ మీద ఓట్లు తగ్గాయి. నీళ్ల లెక్క మాత్రం సరిగ్గానే వేశారు.

మాకు ఆయనతో టెన్షన్ ఎక్కువ. "ప్రాసెస్‌లో ఉంది సార్" అంటే ఊరుకునేవారు కాదు. పరిపాలనా అనుమతి వచ్చిందా, టెక్నికల్ శాంక్షన్ ఏ టేబుల్ మీద ఆగింది, ఎం-బుక్ (జరిగిన పని కొలతల పుస్తకం) ఎక్కడి దాకా రాశారు అని తవ్వేవారు. చిన్న పనులు అలా కదిలాయి. పెద్దవి కదలవు. ఎస్సెల్బీసీ (శ్రీశైలం ఎడమ గట్టు కాలువ) సొరంగం చూడండి, దాదాపు 44 కిలోమీటర్లు, 2005లో ఒప్పందం. ఇన్నేళ్లయినా పూర్తికాలేదు, 2025 ఫిబ్రవరిలో దోమలపెంట వైపు పైకప్పు కూలి ఎనిమిది మంది చిక్కుకుపోయారు. నిధులు, భూసేకరణ, రాతి పొరలు, ఇవేవీ ఒక ఎమ్మెల్యే చేతిలో ఉండవు. అసలు మన జిల్లాలో నీళ్ల గోడు దిల్లీకి వినిపించింది 1996 లోక్‌సభ ఎన్నికల్లో. ఫ్లోరైడ్ సమస్య మీద జల సాధన సమితి పిలుపుతో పోటెత్తి, నల్గొండ బరిలో 480 మంది నిలిచారు. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది. వాళ్లలో ఎక్కువమంది సామాన్య జనమే.

మీకు అడ్డొచ్చేది మన వృత్తి అలవాటే. "ఇది సాధ్యం కాదు" అని ముఖం మీద చెప్పేస్తాం. ఊరి చావడిలో అలా అంటే గర్వం అనుకుంటారు. ఆ ఎమ్మెల్యే గారు "చూద్దాం పెద్దయ్యా, ముందు లెవెల్ తీయిద్దాం" అనేవారు, నిజంగానే నేల ఎత్తుపల్లాలు కొలిపించేవారు. నీళ్లు ఎక్కవని తేలాక ఆ కాగితం వాళ్లకే చూపించేవారు.

ఇంకోటి, రాజీనామా లేఖ ఇస్తే సరిపోదు. అది ఆమోదం పొందాకే నామినేషన్ వేయాలి, ఉద్యోగంలో ఉంటే పోటీకి అనర్హులు. ప్రభుత్వ క్వార్టర్లో ఉంటే అద్దె, కరెంటు, నీటి బిల్లుల నో డ్యూస్ (బాకీల్లేవన్న పత్రం) ఇప్పుడే తీసిపెట్టుకోండి, నామినేషన్ అఫిడవిట్‌లో అడుగుతారు.