టెక్ సందేహాలు: పేస్‌మేకర్ ఉన్నవాళ్లు స్కానర్ పట్టుకోవచ్చా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. మందుల షాపు ఉంది. నాన్నగారికి రెండు నెలల కిందట విశాఖలో పేస్‌మేకర్ (గుండె సరిగ్గా కొట్టుకునేలా చూసే చిన్న యంత్రం) పెట్టారు. ఈమధ్యే కౌంటర్‌కి వైర్‌లెస్ బార్‌కోడ్ స్కానర్ కొన్నాం. దాని ఎర్ర లైటు చూసి అమ్మ ఆయన్ని షాపు మెట్లెక్కనివ్వడం లేదు. ఇంట్లో కూర్చోవడం ఆయన వల్ల కావడం లేదు. ఏం చేయాలి?

జవాబు: ముందు అమ్మగారి టెన్షన్ తీర్చండి. ఆ ఎర్ర లైటు వల్ల పేస్‌మేకర్‌కు ఏమీ కాదు. డబ్బా మీది గీతలపై పడి వెనక్కి వచ్చే వెలుగు అది. ఒంటి మీద పడినా లోపలున్న యంత్రాన్ని ఏమీ చేయలేదు. సూటిగా కళ్లలోకి కొట్టకుండా చూసుకుంటే చాలు. స్కానర్ మానేయమని కూడా నేను చెప్పను. 2023 ఆగస్టు 1 తర్వాత తయారైన 300 బ్రాండ్ల మందులకు బార్‌కోడో క్యూఆర్ కోడో తప్పనిసరి అయింది. మందుల షాపులో స్కానర్ పని పెరిగేదే కానీ తగ్గేది కాదు.

ఇక వైర్‌లెస్ సంగతి. స్కానర్ తాను చదివిన నంబరును బ్లూటూత్‌తో కంప్యూటర్‌కు పంపిస్తుంది. ఆ సిగ్నల్ బలం సాధారణంగా కొన్ని మిల్లీవాట్లే. పేస్‌మేకర్‌కు టైటానియం తొడుగు, బయటి సిగ్నళ్లను వడకట్టే ఫిల్టర్లు ఉంటాయి. అయినా స్కానర్ల మాన్యువళ్లలో 15 సెంటీమీటర్ల దూరం పాటించమనే రాస్తారు. ఫోన్లు, స్మార్ట్‌వాచీల గురించి అమెరికాలో మందులు, వైద్య పరికరాలను నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ 2021లో చెప్పిందీ అదే, 6 అంగుళాలు. మన లెక్కలో జానెడు అనుకోండి, ఇంకాస్త ఎక్కువే దూరం ఉన్నట్టవుతుంది.

నేను ఎక్కువగా అనుమానించేది అయస్కాంతాన్ని. పేస్‌మేకర్‌లో అయస్కాంతాన్ని పసిగట్టే చిన్న ఏర్పాటు ఒకటి కావాలనే పెడతారు. ఆపరేషన్లప్పుడు, చెకప్‌లప్పుడు డాక్టర్లకు పనికొస్తుంది. గట్టి అయస్కాంతం దగ్గరికొస్తే చాలా మోడళ్లు గుండె సొంతంగా కొట్టుకుంటోందా లేదా అని చూడడం మానేసి, ఒకే వేగంతో కొట్టిస్తూ పోతాయి. తీసేస్తే మళ్లీ మామూలే. కొన్ని స్కానర్ స్టాండుల్లో, ఛార్జింగ్ కేబుళ్లలో, ఫోన్ల వెనకవైపు అయస్కాంతాలు ఉంటాయి. నా బల్ల మీది స్కానర్‌కు గుండుసూది ఆనించి చూశాను. ముక్కు దగ్గర జారిపోయింది, స్టాండు మెడ దగ్గర టక్కున అతుక్కుంది. మీరూ ఒకసారి చూడండి. అతుక్కోకపోయినా జానెడు దూరం మాత్రం వదలొద్దు. వైర్‌లెస్‌గా ఛార్జయ్యే దిమ్మ అయితే మూరెడు దూరంలో ఉంచండి.

మీ నాన్నగారి అలవాట్లు ఒకరోజు గమనించండి. పేస్‌మేకర్ చాలామందికి ఛాతీ పైభాగంలో, ఎడమ కాలర్‌బోన్ కిందే ఉంటుంది. మన చొక్కాలకు జేబూ ఎడమవైపే. చిల్లర లెక్కపెట్టాల్సి వచ్చేసరికి స్కానర్ జేబులోకో చంకలోకో వెళుతుంది, లేదంటే తాడు కట్టి మెడలో వేలాడుతుంది. ఆపాల్సింది వీటినే. స్టాండును కౌంటర్‌కు కుడి చివర పెట్టి, కుడిచేత్తో తీసి, పని కాగానే అక్కడే పెట్టేయమనండి. బ్లూటూత్ స్కానర్ కంప్యూటర్‌కు దూరంగా ఉన్నా పనిచేస్తుంది కాబట్టి ఆ మార్పుకు ఖర్చేమీ లేదు. ఫోన్‌కూ అదే మాట, ఆ జేబులో వద్దు.

ఎప్పుడైనా కళ్లు తిరిగినా, గుండె దడగా అనిపించినా స్కానర్ కింద పెట్టి నాలుగడుగులు పక్కకు రమ్మనండి. టైము రాసుకోండి. తగ్గకపోతే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి. తగ్గినా డాక్టర్‌కు ఫోన్ చేసి చెప్పండి. పేస్‌మేకర్ తాను గమనించిన తేడాలను చాలావరకు లోపలే రాసిపెట్టుకుంటుంది, చెకప్‌లో మీ టైముతో పోల్చి చూస్తారు. అన్నట్టు, పై అరల్లోంచి డబ్బాలు దించే పని ఆయన మళ్లీ మొదలుపెట్టారా? చెయ్యి పైకెత్తడం, బరువులు లేపడం ఎప్పటినుంచి చేయొచ్చో డాక్టర్ని అడిగారా? మీ స్థానంలో నేనుంటే స్కానర్ కంటే ముందు అదే అడిగేవాణ్ణి.

ప్రశ్న: బరంపురంలో పట్టుచీరల షాపులో పనిచేస్తున్నాను. నాకు ఐసీడీ (గుండె లయ ప్రమాదకరంగా తప్పితే షాక్ ఇచ్చి సరిచేసే యంత్రం) ఉంది. స్టాకు లెక్కకు ఆర్‌ఎఫ్‌ఐడీ రీడర్ (ట్యాగుల్ని రేడియో సిగ్నల్‌తో చదివే యంత్రం) ఇస్తామంటున్నారు. పట్టుకోవచ్చా?

జవాబు: ఇది బార్‌కోడ్ స్కానర్ లాంటిది కాదు. చీరల మడతల్లో దాగున్న ట్యాగుల్ని కూడా చదవాలి కాబట్టి దీని సిగ్నల్ చాలా బలంగా ఉంటుంది, ఒక వాట్ దాకా పోవచ్చు. బట్టల షాపుల్లో సాధారణంగా వాడేది యూహెచ్‌ఎఫ్, అంటే చాలా ఎక్కువ ఫ్రీక్వెన్సీ రకం. మన దేశంలో అది 865 మెగాహెర్ట్జ్ పైన నడుస్తుంది. 2010లో అచ్చయిన ఒక అమెరికా ల్యాబ్ పరీక్షలో ఈ రకం రీడర్లకు పేస్‌మేకర్లు, ఐసీడీలు ఏవీ స్పందించలేదు. తేడా ఎక్కువగా వచ్చింది 134 కిలోహెర్ట్జ్ రకంతో, అంటే పశువుల ఎలక్ట్రానిక్ ట్యాగులు చదివే రకంతో. అక్కడ కొన్ని పేస్‌మేకర్లు 60 సెంటీమీటర్ల దూరం నుంచే తడబడ్డాయి. కాబట్టి రీడర్ ఏ రకమో, ఎంత ఫ్రీక్వెన్సీయో యజమానిని అడిగి, ఆ కాగితం మీ డాక్టర్‌కు చూపించండి. ఆయన సరేనన్నాకే పట్టుకోండి. పట్టుకున్నా చెయ్యి చాపి, యాంటెనా ముఖం మీవైపు తిరగకుండా చూసుకోండి. ఐసీడీకి గట్టి అయస్కాంతం తగిలితే అది ఉన్నంతసేపూ షాక్ ఇచ్చే పని ఆగిపోతుంది. పేస్‌మేకర్ ఉన్నవాళ్ల కంటే మీరు ఇంకో రవ్వ ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి.

ప్రశ్న: ఒడిశాలోని రాయగడ నుంచి తరచూ రైల్లో వెళ్తుంటాను, పేస్‌మేకర్ ఉంది. స్టేషన్లో, గుడిలో మెటల్ డిటెక్టర్ పెడితే?

జవాబు: గుమ్మం లాంటి దాంట్లోంచి ఆగకుండా నడిచి వెళ్లిపోండి, దాన్ని ఆనుకుని నిలబడొద్దు. చేతి డిటెక్టర్‌తో చూసేవాళ్లకు ఆసుపత్రిలో ఇచ్చిన పేస్‌మేకర్ కార్డు చూపించి, ఛాతీ మీద ఆపి ఉంచవద్దని, చేత్తో తడిమి చూడమని అడగండి. కార్డు ఇంగ్లిష్‌లోనే ఉంటుంది కాబట్టి, వెనకాల ఒడియాలో ఒక్క ముక్క రాయించి పెట్టుకోండి.

గుండెలో స్టెంట్, కాలిలో రాడ్డు ఉన్నవాళ్లు కూడా ఇదే అడుగుతున్నారు. వాటిలో ఎలక్ట్రానిక్స్ ఉండవు, స్కానర్లతో మీకు పేచీ లేదు.