షోరూంలో సర్వీస్ చేయించకపోతే వారంటీ పోతుందా?

ప్రశ్న: కారు కొని రెండేళ్లు కావస్తోంది. వారంటీ ఇంకో ఏడాది ఉంది. షోరూం వాళ్ల సర్వీస్ సెంటర్‌కి వెళ్లిన ప్రతిసారీ బిల్లు తడిసి మోపెడవుతోంది. తెలిసిన మెకానిక్ దగ్గర చాలా తక్కువలో అయిపోతుంది. కానీ ‘బయట చెయ్యి పెట్టిస్తే వారంటీ మొత్తం క్యాన్సిల్’ అంటున్నారు సర్వీస్ అడ్వైజర్. చట్టప్రకారం అది నిజమేనా? అంత ఖర్చు పెట్టి అక్కడే చేయించాలా?

జవాబు: వారంటీ మొత్తం అంత తేలిగ్గా పోదండీ. ఆ విషయంలో టెన్షన్ పడకండి. 2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా (మార్కెట్‌లో పోటీ సక్రమంగా సాగేలా చూసే కేంద్ర సంస్థ) 14 కార్ల కంపెనీల మీద ఇచ్చిన ఉత్తర్వులో ఈ సంగతి ఉంది. బయటి మెకానిక్ దగ్గరకు వెళ్లారన్న ఒక్క కారణంతో వారంటీ మొత్తం రద్దయ్యేలా షరతు పెట్టకూడదని, బయట చేసిన పని సరిగా లేక నష్టం జరిగితే ఆ నష్టం మేరకే నిరాకరించవచ్చని కమిషన్ చెప్పింది. అమెరికాలో 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం కూడా దాదాపు ఇదే మాట అంటుంది. మన ఉత్తర్వు మీద కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి కాబట్టి దాన్ని ఒక్కదాన్నే నమ్ముకుని కూర్చోవద్దు. మీ వారంటీ పుస్తకంలో ఏం రాసి ఉందో ముందు చదవండి.

బయట ఇంజిన్ ఆయిల్ మార్పించారనుకుందాం. నెల తిరక్కుండానే పవర్ విండో మోటార్ పాడైంది. ఆయిల్‌కీ అద్దం మోటార్‌కీ సంబంధం లేదు, ఆ క్లెయిమ్ కాదనడానికి సరైన కారణం వాళ్ల దగ్గర ఉండదు. అదే ఇంజిన్ పట్టేసిందనుకోండి, అప్పుడు కథ వేరు. మాన్యువల్‌లో చెప్పిన గ్రేడ్ ఆయిలే పోశారా, ఎన్ని కిలోమీటర్ల దగ్గర మార్చారు, ఫిల్టర్ మార్చారా అని అడుగుతారు. ‘మా మెకానిక్ నమ్మకస్తుడు’ అంటే సరిపోదు. తేదీ, కారు నంబరు, మీటర్ రీడింగ్, ఆయిల్ గ్రేడ్, ఫిల్టర్ వివరాలు ఉన్న బిల్లు చూపించాలి. చీటీ మీద ‘సర్వీస్’ అని రాసి కింద మొత్తం వేసి ఇచ్చింది మీకు అక్కరకు రాదు.

అందుకే వారంటీ ఉన్నన్నాళ్లూ మాన్యువల్ ప్రకారం చేయాల్సిన సర్వీసులు మాత్రం డీలర్ దగ్గరే చేయించమంటాను. చట్టం మీ చేతులు కట్టేసిందని కాదు. పెద్ద రిపేరు వస్తే అసలు గొడవంతా సాక్ష్యం దగ్గరే వస్తుంది, డీలర్ రికార్డు ఉంటే ఆ వాదనకే చోటుండదు. కేసు గెలిచే హక్కు ఉండటం వేరు, ఇంజిన్ విప్పిన కారును నెలల తరబడి షెడ్డులో వదిలేసి తిరగడం వేరు.

అయితే డీలర్ దగ్గర చేయించడమంటే వాళ్లు చెప్పినవన్నీ చేయించడం కాదు. మీ బిల్లు పెరుగుతున్నది బహుశా ఇక్కడే. మాన్యువల్‌లోని షెడ్యూల్ పేజీ తెరిచి జాబ్ కార్డు (చేయబోయే పనులు రాసి మీ సంతకం తీసుకునే కాగితం) పక్కన పెట్టుకోండి. ఇంజిన్ డీకార్బనైజింగ్, ఇంజెక్టర్ క్లీనింగ్, అండర్‌బాడీ కోటింగ్ లాంటివి షెడ్యూల్‌లో లేకపోతే వద్దని చెప్పండి, వద్దన్నందుకు వారంటీ పోదు. సంతకం చేసే ముందు ‘నా అనుమతి లేకుండా అదనపు పని చేయవద్దు’ అని కార్డు మీద మీ చేత్తోనే రాయండి. డబ్బు కట్టి మార్పించిన పాత పార్టులు చూపించమనండి. టైర్లు, వైపర్లు ఎక్కడైనా మార్పించుకోవచ్చు. వైరింగ్ కత్తిరించి లైట్లో, మ్యూజిక్ సిస్టమో బిగించడం మాత్రం వద్దు, ఎలక్ట్రికల్ క్లెయిమ్ కాదనడానికి మనమే కారణం చూపించినట్టవుతుంది.

ఎక్స్‌టెండెడ్ వారంటీ, అంటే అసలు వారంటీ తర్వాతి కాలానికి విడిగా కొనుక్కునేది, వేరే ఒప్పందం. అధీకృత కేంద్రంలోనే సర్వీస్ చేయించాలని అందులో షరతు ఉండొచ్చు, చూసుకుని కొనండి. వారంటీలన్నీ అయిపోయాక డీలర్ దగ్గరికే వెళ్లడానికి చట్టపరమైన కారణమేమీ మిగలదు. మంచి మెకానిక్ ఉంటే నిశ్చింతగా వెళ్లండి. భద్రతా లోపం మీద కంపెనీ రీకాల్ ప్రకటిస్తే, మీరు ఎక్కడ సర్వీస్ చేయించారన్న దానితో నిమిత్తం లేకుండా ఆ లోపాన్ని సరిచేసి ఇవ్వాల్సిందే.

ఎప్పుడైనా క్లెయిమ్ కాదంటే నోటిమాటతో తిరిగి రాకండి. ఏ షరతు కింద కాదన్నారో, బయటి పని వల్ల ఏ భాగం ఎలా పాడైందో రాతపూర్వకంగా అడగండి. అయినా దారికి రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్పండి, లేదా 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయండి. వివాదానికి కారణం తలెత్తిన నాటి నుంచి రెండేళ్ల గడువు ఉంటుంది. అవసరమైతే పాడైన భాగాన్ని ల్యాబ్ పరీక్షకు పంపమని కమిషన్‌ను కోరవచ్చు. అంతవరకు ఆ భాగాన్ని ఎవరి చేతా విప్పించకండి, రిపేరు చేయించకండి.