స్కాన్ భయం సరే, కళ్లెలో రక్తం సంగతి ముందు చూడండి

ప్రశ్న: నా వయసు 54. కూకట్‌పల్లిలో ఉంటున్నాను. పదిహేనేళ్ల క్రితం టీబీ వచ్చి, పూర్తి కోర్సు మందులతో తగ్గింది. కుడి ఊపిరితిత్తి పైభాగంలో బ్రాంకియెక్టాసిస్ (శ్వాసనాళాలు శాశ్వతంగా వెడల్పైపోయే జబ్బు) మిగిలింది. ఈమధ్య తీసిన సీటీ రిపోర్టులో, శ్వాసనాళాలకు రక్తం అందించే బ్రాంకియల్ ధమని లావెక్కి, గుండె నుంచి ఊపిరితిత్తులకు రక్తం తెచ్చే పల్మనరీ ధమనితో కలిసినట్టు అనుమానంగా ఉందని, సీటీ యాంజియోగ్రామ్ (రక్తనాళాలను చూపే సీటీ) అవసరమని రాశారు. మళ్లీ రేడియేషన్ అంటే భయంగా ఉంది. ఎమ్మారై సరిపోతుందా? కళ్లెలో అప్పుడప్పుడు రక్తపు చారలు పడతాయి గానీ మెడికల్ షాపులో ఇచ్చే మాత్రతో ఆగిపోతున్నాయి. గుండెకు మంచిదని రోజూ ఆస్పిరిన్ కూడా వేసుకుంటున్నాను.

జవాబు: మీరు అడిగింది స్కాన్ గురించే అయినా, నన్ను కలవరపెట్టినవి మీ ఉత్తరంలోని చివరి రెండు వాక్యాలు. రక్తం ఆగడానికి ఒక మాత్ర, రక్తం గడ్డకట్టకుండా చూసే ఆస్పిరిన్ మరొకటి, రెండూ ఏ వైద్యుడికీ చూపించకుండా వాడుతున్నట్టున్నారు. షాపుల్లో సాధారణంగా ఇచ్చే ట్రానెక్సామిక్ యాసిడ్ చారలను కొన్నాళ్లు ఆపగలదేమో గానీ, రక్తం ఎక్కడి నుంచి వస్తోందో ఆ చోటును బాగుచేయదు. పైగా చారలు కనబడకపోవడంతో జబ్బు తగ్గిందనుకుని నెలలు గడిపేస్తారు. ఇలా చేయడం బాధ కలిగిస్తుంది. స్టెంటు వేసి ఉన్నా, పక్షవాతం వచ్చి ఉన్నా ఆస్పిరిన్‌ను మీ అంతట మీరు ఆపవద్దు. అవేవీ లేకుండా ఎవరో చెప్పారని వాడుతుంటే, కొనసాగించాలో వద్దో ఈరోజే మీ వైద్యుణ్ని అడగండి.

ఊపిరితిత్తులకు రక్తం రెండు దారుల్లో వస్తుంది. పల్మనరీ ధమనుల్లో సగటు పీడనం సుమారు 15 మిల్లీమీటర్ల పాదరసం మాత్రమే. బృహద్ధమని నుంచి చీలే బ్రాంకియల్ ధమనుల్లో అది 90 దాకా ఉంటుంది. పాత టీబీ మచ్చలు, బ్రాంకియెక్టాసిస్ వల్ల ఏళ్ల తరబడి వాపు ఉన్నచోట ఈ సన్నని ధమనులు లావెక్కి మెలికలు తిరుగుతాయి, పల్మనరీ ధమనులతో కొత్త కలయికలు ఏర్పరుచుకుంటాయి. 2 మిల్లీమీటర్లు దాటిన బ్రాంకియల్ ధమనిని అసాధారణంగా పరిగణిస్తాం. అంత పీడనాన్ని పలుచని గోడలు తట్టుకోలేక చిట్లినప్పుడు, రక్తం పోవడం కంటే అది శ్వాసనాళాల్లో నిండి ఊపిరాడకపోవడమే ప్రాణాంతకమవుతుంది.

ఇక మీ ప్రశ్న. ఇంత సన్నని నాళాలు ఎమ్మారైలో సీటీలో కనిపించినంత స్పష్టంగా కనిపించవు కనుక సాధారణంగా అది చాలదు. మీ పరిస్థితిలో ఒక సీటీ రేడియేషన్ కంటే చెప్పకుండా వచ్చే రక్తస్రావమే పెద్ద ప్రమాదమని నా అభిప్రాయం. అయితే స్కాన్ ఎందుకో రేడియాలజిస్టుకు స్పష్టంగా రాసిచ్చేలా చూడండి. కాంట్రాస్టు (నాళాలు స్కానులో కనబడేలా రక్తంలోకి ఎక్కించే మందు) పల్మనరీ ధమనిలో ఉన్నప్పుడు కాక బృహద్ధమనిలో నిండినప్పుడు, మెడ కింది నుంచి పైకడుపు దాకా తీస్తేనే పక్కటెముకల వెంట, డయాఫ్రమ్ (ఛాతీకి, కడుపుకి మధ్య ఉండే కండరపు పొర) వైపు నుంచి వచ్చే అదనపు నాళాలు కూడా తెలుస్తాయి. ఇంకో మెలిక కూడా ఉంది. ఈ కలయికల గుండా ఎదురు వచ్చే కాంట్రాస్టు లేని రక్తం పల్మనరీ ధమనిలో గడ్డలా కనబడి, అవసరం లేని రక్తం పలుచన చేసే మందులు మొదలుపెట్టే అవకాశం ఉంది. రక్తం పడే మనిషికి అది ముప్పు. స్కానుకు ముందు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష) చూపించాలి, అలర్జీ ఉంటే, మధుమేహానికి మెట్‌ఫార్మిన్ వాడుతుంటే చెప్పాలి. రక్తం వచ్చే నాళం తేలితే, అవసరాన్ని బట్టి కాథెటర్ (సన్నని గొట్టం) ద్వారా ఆ నాళాన్ని మూసే ఎంబోలైజేషన్ గురించి ఆలోచిస్తారు. వెన్నుపాముకు వెళ్లే ధమని ఒక్కోసారి ఈ నాళాల నుంచే చీలుతుంది గనుక ఆ పని అనుభవమున్నవారే చేయాలి.

టీబీ తిరగబెట్టలేదని నిర్ధారించుకోవడానికి కళ్లె పరీక్ష కూడా తప్పనిసరి. ఈ వారంలోనే పల్మనాలజిస్టును కలవండి. ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి గానీ నిమ్స్ గానీ మీకు దూరం కావు. పాత ఎక్స్‌రేలు, సీటీ సీడీ, టీబీ చికిత్స కాగితాలు, వాడుతున్న మాత్రల అట్టలు వెంట తీసుకెళ్లండి. చారలు కాకుండా అచ్చంగా రక్తమే పడినా, ఆయాసం మొదలైనా, జబ్బున్న కుడి పక్కకు తిరిగి పడుకుని వెంటనే 108కి ఫోన్ చేయించండి. మిమ్మల్ని స్వయంగా పరీక్షించకుండా రాస్తున్న సలహా ఇది, తుది నిర్ణయం మిమ్మల్ని చూసే వైద్యుడిదే.