ఇంటి దగ్గర సాధనకు ఎయిర్ టూల్స్: ముందు కంప్రెసర్ లెక్క, తర్వాతే పనిముట్లు

ప్రశ్న: మా అమ్మాయి ఆటోమొబైల్ డిప్లొమా రెండో సంవత్సరం చదువుతోంది. వాహనాల సర్వీసు రంగంలోనే స్థిరపడాలని తన కోరిక. సెలవుల్లో ఇంట్లోని కారు, మోటారు సైకిల్ పనులు తనే చేసుకుంటూ చేయి అలవాటు చేసుకుంటానని, అందుకు ఎయిర్ టూల్స్ (గాలి పీడనంతో నడిచే పనిముట్లు) కిట్ ఒకటి కొనిపెట్టమని అడుగుతోంది. మేము పెట్టగలిగింది తక్కువ మొత్తమే. ఇది తన చదువుకు పనికొచ్చే ఖర్చేనా? అయితే ఏం కొనాలి? – ఒక తల్లి

జవాబు: పనికొచ్చే ఖర్చే. అయితే కొనవలసింది ఆ కిట్ కాదు. ఒకే పెట్టెలో పదిహేను, ఇరవై వస్తువులు సర్ది అమ్మే కిట్లలో తరచుగా చేతికొచ్చేవి రెండో మూడో ఉంటాయి. మిగిలినవాటిలో కొన్నింటిని నడపడానికి ఇంట్లో పెట్టుకోగలిగే చిన్న కంప్రెసర్ (గాలిని ఒత్తి ట్యాంకులో నింపే యంత్రం) చాలదు. మీ దగ్గరున్న డబ్బులో పెద్ద వాటాను కంప్రెసర్‌కు, తర్వాతి వాటాను వరుస సుత్తి దెబ్బలతో నట్లు తిప్పే ఒక మంచి హాఫ్ ఇంచ్ ఇంపాక్ట్ రెంచ్‌కు, మిగిలినదాన్ని హోస్ పైపుకూ, నట్టు మీద కూర్చునే సాకెట్లకూ కేటాయించండి. వీటన్నిటికంటే ముందు ఒక టార్క్ రెంచ్ (నిర్ణయించిన బిగువుకే నట్టును బిగించే పనిముట్టు), ఒక జత జాకీ స్టాండ్లు (జాకీతో ఎత్తిన వాహనాన్ని నిలిపి ఉంచేవి), నాణ్యమైన స్పానర్ల సెట్టు తన దగ్గర ఉన్నాయో లేదో కనుక్కోండి. లేకపోతే మొదటి ఖర్చు వాటి మీదే పెట్టాలి.

ఈ క్రమానికి బలమైన కారణం ఉంది. ఈ వృత్తిలో విద్యార్థికి మొదట అబ్బవలసిన విద్య చేతికి బిగువు తెలియడం. నట్టును రెండు మూడు చుట్లు వేళ్లతోనే తిప్పి, అది మరల్లో సరిగ్గా కూర్చుందని తెలిసిన తర్వాతే దాని మీద రెంచ్ పెట్టాలి. వేళ్లకు తగిలే చిన్న అడ్డును పట్టించుకోకుండా నేరుగా ఇంపాక్ట్ రెంచ్ ట్రిగ్గర్ నొక్కితే వంకరగా ఎక్కిన నట్టు కూడా లోపలికి వెళ్లిపోతుంది, మరలు పాడైన సంగతి మళ్లీ విప్పే రోజున గానీ బయటపడదు. ఒక చక్రం విప్పి తిరిగి బిగించమని చెప్పి అభ్యర్థి పనితనాన్ని అంచనా వేసే సూపర్‌వైజర్ ఎంత వేగంగా చేశారన్నదానికంటే, నట్లను చేత్తో మొదలుపెట్టారా, ఎదురెదురు నట్లను వరుసగా బిగించారా, చివర్లో టార్క్ రెంచ్ తీసుకున్నారా అన్నదే ఎక్కువగా చూస్తారు. ఎయిర్ టూల్స్ వేగాన్ని ఇస్తాయి గానీ ఈ అలవాట్లను ఇవ్వలేవు.

ఇక కంప్రెసర్ విషయం. ఇక్కడే చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. కంప్రెసర్ మీద పెద్ద అక్షరాలతో కనిపించే హార్స్‌పవర్, ట్యాంకు లీటర్లు, గరిష్ఠ పీడనం అన్నవి అసలు ప్రశ్నకు జవాబు చెప్పవు. పనిముట్టు నడిచే పీడనం దగ్గర, అంటే 90 పీఎస్‌ఐ లేదా దాదాపు 6.2 బార్ దగ్గర, అది నిమిషానికి ఎంత గాలి ఇవ్వగలదన్నదే అసలు ప్రశ్న. దీన్ని సీఎఫ్‌ఎం అనే ఘనపుటడుగుల లెక్కలో చెబుతారు. ఒక సీఎఫ్‌ఎం అంటే నిమిషానికి సుమారు 28 లీటర్లు. కొన్ని కంప్రెసర్ల మీద రాసే పెద్ద అంకె పిస్టన్ పరిమాణాన్ని బట్టి వేసిన లెక్క మాత్రమే, బయటికి వచ్చే గాలి అంతకంటే బాగా తక్కువగా ఉంటుంది. ఒక హార్స్‌పవర్ మోటారుకు 90 పీఎస్‌ఐ దగ్గర 3 నుంచి 4 సీఎఫ్‌ఎం వస్తే అది మంచి కంప్రెసర్ కిందే లెక్క.

ఈ అంకెలను ఒక చక్రం దగ్గరికి తీసుకువెళ్లి చూడండి. హాఫ్ ఇంచ్ ఇంపాక్ట్ రెంచ్‌కు 4 సీఎఫ్‌ఎం చాలని కేటలాగులో ఉంటుంది. చాలా కేటలాగుల్లో ఆ అంకె, నిమిషంలో పావు వంతు సేపే ట్రిగ్గర్ నొక్కుతారన్న లెక్క మీద రాసినది. నొక్కి ఉంచినంతసేపూ అది దాదాపు 16 సీఎఫ్‌ఎం, అంటే నిమిషానికి 450 లీటర్ల గాలి తాగుతుంది. మీ కంప్రెసర్ ట్యాంకు 50 లీటర్లదనుకుందాం. అందులో పీడనం 8 బార్ నుంచి 6 బార్‌కు దిగేలోపు మనకు దొరికే గాలి 100 లీటర్లు. అది ట్రిగ్గర్ నొక్కి ఉంచితే 13 సెకన్లలో అయిపోతుంది. మొండికేయని చక్రం నట్టు ఒకటి రెండు సెకన్లలో వదులవుతుంది కాబట్టి నాలుగైదు నట్ల చక్రాన్ని ఇబ్బంది లేకుండా విప్పవచ్చు, తర్వాతి చక్రం దగ్గరికి వెళ్లేలోపు ట్యాంకు మళ్లీ నిండుతుంది. ఇంటి సాధనకు ఇది బాగా సరిపోతుంది. అదే కంప్రెసర్‌కు 10 నుంచి 12 సీఎఫ్‌ఎం నిరంతరాయంగా అడిగే, తుప్పు, పాత పెయింట్ గీకే శాండర్‌ను తగిలిస్తే, పని మొదలైన నిమిషానికే చేతిలో యంత్రం నీరసిస్తుంది, కంప్రెసర్ ఆగకుండా నడిచి వేడెక్కిపోతుంది. అందుకే తక్కువ డబ్బుతో మొదలుపెట్టేవారు తుప్పు గీకే పనిని, పెయింట్ పనిని ఎయిర్ టూల్స్ జాబితాలోంచి తీసివేయాలన్నది నా గట్టి అభిప్రాయం. మొత్తం మీద రెండు హార్స్‌పవర్, 50 లీటర్ల ట్యాంకు, కందెనగా నూనె పోసి వాడే పంపు ఉన్న కంప్రెసర్ మీ అవసరానికి తగినది. నూనె అవసరంలేని రకాలు తేలికగా ఉంటాయి, సంరక్షణ కూడా తక్కువే. కానీ ఎక్కువసేపు పనిచేయించేచోట నూనె పంపుకే మన్నిక ఎక్కువ.

వాడిన కంప్రెసర్ కొనే ఆలోచన ఉంటే మీ అమ్మాయినే పరీక్షించమనండి, అది తనకొక మంచి పాఠం కూడా అవుతుంది. ట్యాంకు నుంచి గాలి బయటికి పోకుండా మూసి, కంప్రెసర్ నడుపుతూ మీటరు ముల్లు 6 బార్ నుంచి 8 బార్‌కు రావడానికి ఎంత సమయం పట్టిందో గడియారంతో చూడాలి. 50 లీటర్ల ట్యాంకులో రెండు బార్లు పెరగడమంటే 100 లీటర్ల గాలి చేరడం. అందుకు సరిగ్గా ఒక నిమిషం పడితే ఆ కంప్రెసర్ నిజంగా ఇస్తున్నది సుమారు మూడున్నర సీఎఫ్‌ఎం అన్నమాట. మీద ఏం రాసి ఉన్నా లెక్క ఇదే. తర్వాత ట్యాంకు అడుగున ఉన్న డ్రెయిన్ వాల్వు తెరిచి చూడాలి. ముదురు గోధుమ రంగు తుప్పు నీళ్లు ధారగా వస్తే, లోపలి రేకు ఎంత పలచబడిందో బయటినుంచి తెలుసుకునే వీలు లేదు కాబట్టి, ఎంత చవకైనా ఆ ట్యాంకు ఇంటికి తెచ్చుకోవద్దు. తుప్పు తిన్న ట్యాంకుకు వెల్డింగ్ చేయించి వాడడం ప్రాణాపాయం.

ఇంపాక్ట్ రెంచ్ ఎంపిక అంత కష్టం కాదు. చాలా చిన్న కార్ల చక్రం నట్లను 90 నుంచి 120 న్యూటన్ మీటర్ల బిగువుకు బిగిస్తారు. తుప్పు పట్టినవి విప్పడానికి అంతకు రెండు మూడు రెట్లు కావలసి రావచ్చు. కాబట్టి 500 న్యూటన్ మీటర్ల స్థాయి రెంచ్ చాలు, 1,000 దాటిన అంకెల కోసం ఎక్కువ ఖర్చు పెట్టనవసరం లేదు. దానితోపాటు నల్లగా ఉండే ఆరు కోణాల ఇంపాక్ట్ సాకెట్లు తప్పనిసరి. మెరిసే క్రోమ్ పూత సాకెట్లు చేతి పనికి ఉద్దేశించినవి, సుత్తి దెబ్బలకు పగిలి ముక్కలు ఎగిరే ప్రమాదం ఉంది.

హోస్ పైపు దగ్గర పొదుపు చేయవద్దని ప్రత్యేకంగా చెబుతున్నాను. చుట్టలు చుట్టుకునే సన్నని పైపు, ఇరుకైన కప్లింగులు దారిలోనే పీడనాన్ని మింగేస్తాయి. ట్యాంకు మీటరు 90 చూపిస్తున్నా ట్రిగ్గర్ నొక్కినప్పుడు రెంచ్‌కు అందేది 70 కూడా ఉండకపోవచ్చు, అప్పుడు మంచి రెంచ్ కూడా నాసిరకంగానే కనిపిస్తుంది. లోపలి వ్యాసం 10 మిల్లీమీటర్లు ఉన్న రబ్బరు పైపు తీసుకోండి. కారు దూరంగా ఉంటే కంప్రెసర్‌కు పొడవైన సన్నని ఎక్స్‌టెన్షన్ వైరు వేయకుండా గాలి పైపునే పొడిగించాలి, ఎందుకంటే సన్నని వైరులో వోల్టేజీ పడిపోయి మోటారు వేడెక్కి కాలిపోవచ్చు.

మీటరు ఉన్న టైరు ఇన్‌ఫ్లేటర్, గాలితో దుమ్ము ఊదే బ్లో గన్ ఒకటి చవకగా దొరుకుతాయి, రెండూ తీసుకోవచ్చు. ఇరుకు చోట్ల నట్లు తిప్పే ఎయిర్ రాట్చెట్ తర్వాత చూసుకోవచ్చు. ఉలితో దెబ్బలు కొట్టే ఎయిర్ హామర్ ఇప్పుడు అవసరం లేదు.

మీరు అడగకపోయినా చెప్పవలసిన మాట ఒకటుంది. చక్రాలు, సస్పెన్షన్ బోల్టులు విప్పడమే తన పని అయితే, బ్యాటరీతో నడిచే 18 వోల్టుల ఇంపాక్ట్ రెంచ్ ఒక్కటి కొంటే కంప్రెసర్, పైపు, చప్పుడు ఏవీ ఉండవు, మొత్తం ఖర్చు కూడా తగ్గవచ్చు. టైర్లలో గాలి నింపడం, విడిభాగాల మీది దుమ్ము ఊదడం, మున్ముందు మరికొన్ని పనిముట్లు చేర్చుకోవడం కూడా కావాలనుకుంటేనే కంప్రెసర్ లాభదాయకం. సర్వీసు వర్క్‌షాపుల్లో గాలి లైన్ల మీద పనిచేయడం సాధారణం కాబట్టి వాటి సంరక్షణ ఇంట్లోనే నేర్చుకుంటే తనకు అక్కడ అక్కరకొస్తుంది. పని మొదలుపెట్టే ముందు రెంచ్ గాలి ద్వారంలో నాలుగైదు చుక్కల ఎయిర్ టూల్ ఆయిల్ వేయడం, పని ముగిశాక ట్యాంకులోని నీటిని వదిలేయడం అందులో మొదటివి.

రక్షణ కళ్లద్దాలు, చెవి రక్షణ లేకుండా ట్రిగ్గర్ నొక్కనివ్వకండి. ఇంపాక్ట్ రెంచ్ చప్పుడు సాధారణంగా 90 డెసిబెల్స్ దాటుతుంది, వినికిడికి రక్షణ అవసరమని చెప్పే స్థాయి 85. గాలి గొట్టాన్ని ఒంటి మీదికి, బట్టల మీదికి ఎప్పుడూ తిప్పకూడదు. బ్రేకుల దుమ్మును గాలితో ఊదకూడదు, తడిపి తుడవాలి. జాకీ మీద మాత్రమే నిలబడిన వాహనం కిందికి దూరకూడదు.

కొనేముందు మీ అమ్మాయిని కూర్చోబెట్టి, వచ్చే ఆరు నెలల్లో ఇంటి వాహనాలకు తను చేయబోయే పనులన్నీ ఒక కాగితం మీద రాయమనండి. ప్రతి పని పక్కన దానికి ఏ పనిముట్టు కావాలో, అది ఎంత గాలి అడుగుతుందో, చివరి బిగువు ఎన్ని న్యూటన్ మీటర్లో వాహనం సర్వీసు మాన్యువల్ చూసి రాయాలి. ఇంజిన్ ఆయిల్ మార్చడం, స్పార్క్ ప్లగ్గులు, బ్రేక్ ప్యాడ్ల వంటి పనులకు చేతి పనిముట్లే చాలని ఆ కాగితం చూస్తే మీ ఇద్దరికీ తెలుస్తుంది. గాలి అవసరమైన పనులు రెండు మూడే తేలితే ఈ సెలవులకు టార్క్ రెంచ్, స్టాండ్లు, స్పానర్లతో సరిపెట్టి కంప్రెసర్‌ను వచ్చే ఏడాదికి వాయిదా వేయండి. అంతకంటే ఎక్కువ తేలితే పైన చెప్పిన కొలతలు వెంట తీసుకుని తననే దుకాణానికి పంపండి.