దిగువ ఆకాశంలో యుద్ధ విమానాల వేగం: పైలట్ శిక్షణలో ఉన్న మేనకోడలికి లేఖ

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం.

నీ సోలో క్రాస్ కంట్రీ ప్రయాణాలు, అంటే ఒంటరిగా దూరపు ఊళ్లకు ఎగిరే శిక్షణ ప్రయాణాలు, త్వరలో మొదలవుతాయనీ, వాటిలో ఒకటి రాజమహేంద్రవరం, కాకినాడల మీదుగా విశాఖ వైపు సాగుతుందనీ మీ అమ్మ చెప్పింది. విశాఖలోని ఐఎన్‌ఎస్ డేగా నౌకాదళ వైమానిక స్థావరం కనుక, తక్కువ ఎత్తులో యుద్ధ విమానాలు ఎంత వేగంతో వస్తాయో, అవి ఎదురైతే ఎలా తప్పుకోవాలో చెప్పమని నువ్వు అడిగావు. ఉద్యోగకాలమంతా కంట్రోల్ టవర్‌లో గడిపినవాడిని కాబట్టి నాకు తెలిసినది వివరంగానే రాస్తున్నాను. కనిపించాక తప్పుకోవచ్చులే అన్న ధీమా మాత్రం నీ మనసులోంచి పూర్తిగా తీసెయ్యాలి.

ముందు వేగం సంగతి చూద్దాం. మన దేశపు గగనతలంలోని డి, ఈ, ఎఫ్, జీ తరగతులన్నింటిలోనూ 10,000 అడుగుల కింద ఎగిరే పౌర విమానానికి 250 నాట్స్, అంటే గంటకు సుమారు 463 కిలోమీటర్లు, గరిష్ఠ వేగం. ప్రయాణికులతో దిగే పెద్ద జెట్ విమానం కూడా ఆ ఎత్తుకు వచ్చేసరికి వేగం తగ్గించుకుంటుంది. యుద్ధ విమానానికి శిక్షణ అవసరాన్ని బట్టి ఈ హద్దు సడలుతుంది. అమెరికాలో ఇందుకోసం ప్రత్యేక శిక్షణ మార్గాలను మ్యాపుల మీదే గీసి ఉంచుతారు. బ్రిటన్‌లో జెట్ విమానాలు మామూలు శిక్షణలోనే నేలకు 250 అడుగుల ఎత్తు వరకు దిగుతాయి. ఇటువంటి ప్రయాణాల్లో సాధారణంగా కనిపించే వేగం 420 నుంచి 480 నాట్స్. ఈ అంకెల వెనుక ఒక సౌలభ్యం ఉంది: 420 నాట్స్ అంటే నిమిషానికి సరిగ్గా ఏడు నాటికల్ మైళ్లు, 480 అంటే ఎనిమిది, కాబట్టి తల తిప్పే తీరిక లేని పైలట్‌కు నోటిలెక్క సులువవుతుంది. పైగా అంత కింద ఇంజన్ ఆగిపోతే, చేతిలో ఉన్న వేగాన్నే ఎత్తుగా మార్చుకుని, విమానం వదిలి బయటపడే వ్యవధి సంపాదించుకోవాలి. కనుక వాళ్ల వేగాన్ని దూకుడని అనుకోకు. ఆ విమానానికి అది రక్షణ కూడా.

ఇప్పుడు నీ వైపు నుంచి లెక్క వెయ్యి. నీ శిక్షణ విమానం 110 నాట్స్‌లో వెళ్తుండగా ఎదురుగా 450 నాట్స్‌లో జెట్ వస్తే, మీ మధ్య దూరం సెకనుకు సుమారు 288 మీటర్ల చొప్పున తరిగిపోతుంది. విజువల్ నియమాల కింద, అంటే బయటికి కంటితో చూసుకుంటూ, ఎగరడానికి ఈ ఎత్తుల్లో ఉండవలసిన కనీస విజిబిలిటీ 5 కిలోమీటర్లు. ఆ 5 కిలోమీటర్లూ 17 సెకన్లలో అయిపోతాయి. ఎదుటి వస్తువు కంట పడిన దగ్గర నుంచి, అది విమానమని గుర్తించి, ఢీకొనే దారిలో ఉందని గ్రహించి, ఎటు తిరగాలో తేల్చుకుని, చెయ్యి కదిపి, నీ విమానం నిజంగా పక్కకు జరిగే వరకు 12.5 సెకన్లు పడుతుందని అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ తన సూచనల్లో లెక్క కట్టింది. అంటే జెట్ ఇంకా 3.6 కిలోమీటర్ల దూరంలో ఉండగానే నీ కంట పడి తీరాలి. అంత దూరంలో ముందు నుంచి చూస్తే దాని రెక్కలు సన్నని గీతలా కూడా ఆనవు. మిగిలిన శరీరం చేయి చాచి పట్టుకున్న ఆవగింజలో నాలుగో వంతు కూడా ఉండదు. వెనుక నుంచి వచ్చేదాన్ని నువ్వు చూడటమనే ప్రశ్నే లేదు.

ఇంకో చిక్కు ఉంది. నిన్ను ఢీకొనే దారిలో ఉన్న విమానం నీ కాక్‌పిట్ ముందు అద్దంలో అటూ ఇటూ జరగదు. ఒకే చోట నిలిచి ఉండి, చివరి క్షణాల్లో ఒక్కసారిగా పెద్దదవుతుంది. కదిలేవాటిని మన కన్ను ఇట్టే పట్టుకుంటుంది కానీ, నిలకడగా ఉన్న చుక్కను సులువుగా వదిలేస్తుంది. అందుకే బయలుదేరే ముందు అద్దాన్ని నీ చేత్తో నువ్వే తుడుచుకో. మన డెల్టాలో వరి పొట్ట మీద ఉన్న రోజుల్లో పురుగుల తాకిడి ఎక్కువ; అద్దానికి అంటుకుని ఎండిపోయిన ఒక పురుగు మచ్చకూ, మూడు మైళ్ల దూరంలో ఉన్న జెట్‌కూ తేడా కనిపెట్టడం నిపుణులకు కూడా కష్టం. అనుమానం వస్తే తల ఒక జానెడు పక్కకు జరిపి చూడు: మచ్చ అయితే వెనుక ఉన్న దృశ్యం మీద నుంచి జరిగిపోతుంది, విమానమైతే జరగదు.

వేగం ఒక్కటే ప్రమాదమని కూడా అనుకోవద్దు. 2015 జులై 7న అమెరికాలోని సౌత్ కరోలినా రాష్ట్రంలో ఒక ఎఫ్-16 యుద్ధ విమానం, అప్పుడే టేకాఫ్ అయి పైకి వస్తున్న సెస్నా 150 అనే చిన్న విమానాన్ని ఢీకొంది. ఎఫ్-16 పైలట్ ఎజెక్ట్ అయి బతికాడు. సెస్నాలోని ఇద్దరూ మరణించారు. ఆ జెట్ అప్పుడు ల్యాండింగ్ సాధన కోసం వస్తోంది, దాని వేగం 250 నాట్స్‌కు అటూ ఇటూ మాత్రమే. రాడార్ మీద సెస్నాను చూసిన కంట్రోలర్, అది కనిపించకపోతే ఎడమకు తిరగమని జెట్‌కు షరతు పెట్టి చెప్పాడు. ఆ షరతు మీద మాటలు నడిచిన కొద్ది సెకన్లే ప్రాణాల మీదికి తెచ్చాయి. కంట్రోలర్ సరైన పరిష్కారం ఇవ్వకపోవడాన్ని కారణంగానూ, కంటితో చూసి తప్పుకునే పద్ధతికి ఉన్న పరిమితులను తోడైన కారణంగానూ దర్యాప్తు సంస్థ పేర్కొంది. కంట్రోలర్ కుర్చీలో కూర్చున్నవాడిగా ఆ నివేదిక నాకు చాలా బాధ కలిగించింది. సెస్నా పైలట్ అప్పటికి కంట్రోలర్‌తో మాట్లాడలేదు. మాట్లాడాలన్న నిబంధన అక్కడ లేదు కూడా. నువ్వు మాత్రం నిబంధన ఉన్నా లేకపోయినా మాట్లాడు.

ఎందుకంటే యుద్ధ విమానాలు ఎక్కువగా యూహెచ్ఎఫ్ రేడియో మీద మాట్లాడుకుంటాయి, నీ సెట్ వీహెచ్ఎఫ్; రెండూ వేర్వేరు ఫ్రీక్వెన్సీలు. వాళ్ల మాటలు నీకు వినపడవు, నీవి వాళ్లకు వినపడవు. రెండూ వినేది కంట్రోలర్ ఒక్కడే. నీ విమానాన్ని రాడార్‌కు తెలిపే ట్రాన్స్‌పాండర్‌ను ఎత్తు చూపించే మోడ్‌లోనే ఉంచు, ఏ కారణం చేతనూ ఆపవద్దు. గుంపుగా ఎగిరేటప్పుడు సాధారణంగా నాయక విమానం ఒక్కటే స్క్వాక్ చేస్తుంది, అంటే ట్రాన్స్‌పాండర్ సంకేతం పంపుతుంది కాబట్టి, కంట్రోలర్ నీకు ఒక విమానం గురించి చెబితే రెండో దాని కోసం కూడా వెతుకు. ఒకదానికొకటి మైలు, రెండు మైళ్ల ఎడంగా పక్కపక్కన ఎగరడం వాళ్లకు అలవాటు. మొదటిది దాటిపోగానే ఊపిరి పీల్చుకుని దాని వంకే చూస్తూ ఉండిపోవడం చాలా ప్రమాదకరం.

ఎత్తు విషయంలో మన ప్రాంతాన్ని దృష్టిలో పెట్టుకుని చెబుతాను. కొండల్లో తక్కువ ఎత్తులో వచ్చే జెట్ లోయను పట్టుకుని వస్తుంది కనుక ఎటు చూడాలో కొంత తెలుస్తుంది. కోనసీమ సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులో పరచుకున్న చదును నేల. అడ్డు లేదు కనుక ఏ దిక్కు నుంచైనా, ముఖ్యంగా సముద్రం మీద నుంచి, రావచ్చు. కొబ్బరితోటలూ కాలువలూ బాగా కనిపిస్తాయని 500 అడుగులకో 1,000 అడుగులకో దిగాలనిపిస్తుంది. దిగవద్దు. కంట్రోలర్ ఒప్పుకుంటే 3,000 అడుగులకు పైనే ఉండు. ఉదయం పూట తూర్పు వైపు వెళ్లేటప్పుడు భీమవరం పరిసరాల్లోని చేపల చెరువులు వరసగా మెరిసి కళ్లు చెదిరేలా చేస్తాయి. ఆ మెరుపు మీదుగా వచ్చే బూడిదరంగు విమానం కానరాదు. శీతాకాలపు పొగమంచు విడిచాక, కొంచెం ఆలస్యంగా బయలుదేరడం మంచిది.

డేగా దగ్గర ఇంకో సంగతి గుర్తుంచుకో. యుద్ధ విమానాలు దిగేటప్పుడు మనలా నిదానంగా సర్క్యూట్ పట్టకుండా, అంటే రన్‌వే చుట్టూ తిరిగి రాకుండా, 300 నాట్స్ పైబడిన వేగంతో రన్‌వే మీదికి నేరుగా వచ్చి, ఒక్కసారిగా పక్కకు విరిగి వేగం తగ్గించుకుంటాయి. కంట్రోలర్ నిన్ను ఎక్కడ ఆగమంటే అక్కడే చుట్టు తిరుగుతూ ఉండు. జెట్ కనిపిస్తే ల్యాండింగ్ లైటు వేసి, రెక్కలు ఊపు. వాళ్లకు నీ విమానం వెడల్పుగా కనబడాలి. కుడివైపు వాడికే దారి అన్న నియమం నీ పక్షాన ఉన్నా, దాన్ని నమ్ముకుని నేరుగా పోవద్దు. జెట్ వెనుక గాలి సుడి చాలాసేపు నిలుస్తుంది కాబట్టి, అది దాటిన దారికి కింద నుంచి అడ్డంగా వెళ్లవద్దు.

ఇవన్నీ ఆకాశంలో చేసేవి. అసలు పని ముందు రోజు రాత్రి మొదలవుతుంది. నోటామ్‌లన్నీ, అంటే పైలట్లకు విడుదలయ్యే హెచ్చరిక ప్రకటనలన్నీ, చదివాకే రూట్ గీసుకో. నౌకాదళ విన్యాసాల కోసం ఏ ప్రాంతాన్ని, ఏ ఎత్తు వరకు, ఏ గంటల్లో మూశారో మ్యాపు మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టు. నోటామ్‌లో వేళలు యూటీసీలో, అంటే అంతర్జాతీయ ప్రామాణిక కాలంలో, ఉంటాయి, మన సమయం కోసం వాటికి అయిదున్నర గంటలు కలుపు. ఎఫ్ఐసీ (విమాన సమాచార కేంద్రం), ఏడీసీ (వైమానిక రక్షణ అనుమతి) నంబర్లు చేతికి రాకుండా ఇంజన్ స్టార్ట్ చెయ్యవద్దు. రూట్ సిద్ధమయ్యాక ఫోటో తీసి నాకు పంపించు, బయలుదేరే ముందు ఇద్దరం ఫోనులో ఒకసారి సరిచూద్దాం.

ఆశీస్సులతో,
మామయ్య